నేను పులుసు పార్టీలోకి ఫిరాయించిన రోజు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నాకు నచ్చనిది ఎదుటివాడికి నచ్చిందంటే, వాడికి ఇంతవరకూ ఎవరూ సరిగ్గా చెప్పలేదని అర్థం. చెప్పే దిక్కు లేక పాపం అలా మిగిలిపోయాడు, నేను దొరికాను కనక ఇక బాగుపడతాడు అనుకునేవాణ్ణి. కాఫీలో చక్కెర ఎంత ఉండాలి, చొక్కా టక్ చేసుకోవాలా వద్దా, పెరుగన్నంలోకి ఆవకాయ మేలా మాగాయ మేలా, అన్నిటికీ నా దగ్గర తీర్పులు సిద్ధంగా ఉండేవి. అవతలివాళ్లు నిద్ర వస్తోందని దుప్పటి కప్పుకుంటే ఒప్పుకున్నట్టు లెక్క వేసుకునేవాణ్ణి. ఇప్పుడంత ఓపిక లేదు. మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో ఒకాయన ఇడ్లీ మీద కెచప్ పోసుకుని, "ట్రై చేయండి, చాలా బాగుంటుంది" అన్నాడు. "అవునండీ, బాగానే ఉండేటట్టుంది" అని ప్లేటు పట్టుకుని పక్కకి జరిగాను. కారెక్కాక మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, ఇడ్లీ మీద కెచప్‌కి కూడా తల ఊపానంటే జ్వరమేమో అని.

ఇంత మెత్తబడక ముందు, రెండువేల రెండులో, నేను వర్జీనియాలో షాంటిలీ అనే ఊళ్లో బెంచ్ మీద ఉన్నాను. (బెంచ్ అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. మనల్ని అమెరికా రప్పించిన కన్సల్టెన్సీ దగ్గర మనకివ్వడానికి పనుండదు. వాళ్లు మన రెజ్యూమెని నాలుగు ఊళ్లూ తిప్పుతారు. ఎవరైనా పిలిస్తే ఇంటర్వ్యూకి వెళ్లి మెప్పించాలి. ఆ మెప్పించేదాకా ఉండే స్థితి పేరు బెంచ్. కూర్చోవడానికి నిజంగా బెంచీ కూడా ఉండదు.) కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్ హౌస్ అనే పెద్ద పేరున్న చిన్న అపార్ట్‌మెంట్లో నాలాంటి వాళ్లం కార్పెట్ మీద దుప్పట్లు పరుచుకుని బతికేవాళ్లం. ఆ ఏడు మార్కెట్ పడుకుంది, ఎంతకీ లేవడంలేదు. ఒకరోజు మా ఎంప్లాయర్ ఫోన్ చేసి, "ఇంకొక్క ఇంటర్వ్యూ అరేంజ్ చేస్తానయ్యా. అది కూడా పోతే నీ వీసా ఇక నేను హోల్డ్ చేయలేను, టికెట్ బుక్ చేసుకో" అన్నాడు. గొంతు మర్యాదగానే ఉంది. ఆ మాట విన్నప్పట్నించీ నాకు అన్నం సరిగ్గా దిగడం మానేసింది. దిగకపోవడానికి ఇంకో కారణం, మా గెస్ట్ హౌస్‌లోనే ఉండే అన్న వండే బెండకాయ పులుసు.

అన్నది వరంగల్ దగ్గర ఊరు, నాది తెనాలి. నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ణి, నన్ను తమ్మీ అనేవాడు. తనూ బెంచ్ మీదే ఉన్నాడు, కానీ గెస్ట్ హౌస్ మొత్తానికి కారూ లైసెన్సూ ఉన్నది తనొక్కడికే. ఎవరికి ఇంటర్వ్యూ పడినా చొక్కా తొడుక్కుని తాళాలు తీసుకునేవాడు. వాళ్లు లోపల చెమటలు కక్కుతుంటే తను పార్కింగ్‌లో కూర్చుని పాత పేపరు చదువుకునేవాడు. మనిషి బంగారం అని ఎవరైనా అంటారు, నేనూ అనేవాణ్ణి, వంట టర్ను తనది కానంతవరకూ. తన టర్ను వచ్చిందంటే ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన గడ్డకట్టిన బెండకాయ ముక్కల ప్యాకెట్ చింతపండు రసంలోకి దూకవలసిందే.

బెండకాయ వేపుడు కోసమే పుట్టిందని నా వాదన. "నువ్వు చేసేది పులుసు కాదన్నా, పోస్టర్లు అంటించుకునే బంక. ఆ జిగురు పోవాలంటే నూనెలో వెయ్యాల్సిందే" అనేవాణ్ణి. అన్న గరిటె తిప్పడం ఆపకుండా, "నూనెల వేస్తే అది బెండకాయ గాదు తమ్మీ, చిప్స్ అయితది. పులుసుల వేస్తేనే దాని రుచి దానికుంటది. నీకు ఏం తెల్వదు గాని తిను" అనేవాడు. (మా ఇంట్లో కూడా అమ్మ నెలకోసారి పులుసు పెట్టేది, నాన్న ఇష్టంగా తినేవాడు. ఈ సంగతి నేను వాదనలో ఎప్పుడూ బయటపెట్టలేదు, ఎవరూ అడగలేదు కనక.) నా టర్ను వచ్చినప్పుడు నేను పంతానికి వేపుడు పెట్టేవాణ్ణి. గడ్డకట్టిన ముక్కలు వేడి నూనెలో పడగానే ఇల్లంతా పొగ, ఆ పొగకి సీలింగ్‌కి ఉన్న స్మోక్ అలారం కుయ్యిమని ఒకటే గోల. అన్న తువ్వాలు తీసుకుని దాని కింద విసురుతూ, "చూసినవా, మీదున్న మిషన్‌కి కూడ ఎరుకైంది నీ వేపుడు సంగతి" అనేవాడు. మాతోపాటు ఉండే నెల్లూరు కుర్రాణ్ణి మేం మౌనస్వామి అని పిలిచేవాళ్లం. వాడు ఏది పెడితే అది తిని కంచం కడుక్కుని వెళ్లిపోయేవాడు. ఒకరోజు తీర్పు చెప్పమని ఇద్దరం పట్టుకుని నిలదీస్తే, "రెండిట్లోనూ ఉప్పు తక్కువన్నా" అని మళ్లీ మౌనంలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ వాదన లేకపోతే మేం ఏమైపోయేవాళ్లమో అనిపిస్తుంది. పొద్దున లేస్తే ఫోన్ మోగుతుందా అని చూడటం, మోగితే అది రాంగ్ నంబర్ అవడం. ఇంటికి ఫోన్ చేస్తే "ఆఫీసు ఎలా ఉందిరా" అని అడుగుతారు, బాగుందని చెప్పాలి. వీసా గురించి మాట్లాడుకుంటే ఇద్దరికీ గుండె జారేది. బెండకాయ గురించి అయితే ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ఓడిపోయినా ఎవణ్ణీ ఎవరూ ఇండియా పంపరు.

ఆఖరి ఇంటర్వ్యూ రెస్టన్‌లో పడింది. ముందు టైసన్స్ వైపు వెళ్లి కోటు తెచ్చుకోవాలి. (మా గెస్ట్ హౌస్ మొత్తానికి ఇంటర్వ్యూ కోటు ఒకటే. కిందటిసారి అది వేసుకుని ప్రాజెక్ట్ కొట్టినవాడు కోటుతో సహా అటు వెళ్లిపోయాడు. అదృష్టం ఉన్న కోటని అందరం నమ్మేవాళ్లం, చేతులు మాత్రం నాకు కాస్త పొడుగు.) పొద్దున్నే బయల్దేరాం, కోటు తీసుకున్నాం, ఇంకా బోలెడు టైముంది. అప్పట్లో దారి చెప్పే ఫోన్లు లేవు. ఇంటర్నెట్లో దారి చూసి, ఎక్కడ కుడి ఎక్కడ ఎడమ అని కాగితాల మీద ప్రింట్ తీసుకునేవాళ్లం. నడిపేవాడు నడపాలి, పక్కన కూర్చున్నవాడు చదివి చెప్పాలి, గెస్ట్ హౌస్ పద్ధతి అది. ఆ రోజు చదవాల్సినవాణ్ణి నేను.

అన్న మంచి మనసుతోనే మొదలుపెట్టాడు. "భయపడకు తమ్మీ, ఇది వస్తది నీకు. వచ్చినంక నా చేత్తోని పులుసు పెడత" అన్నాడు. ఆ ఒక్క మాట అనకపోతే నేను కాగితం చదువుతూ ఉండేవాణ్ణి. "వస్తే వేపుడు పెట్టన్నా. పండగ పూట పులుసేంది?" అన్నాను. "పండగ పూట చిప్స్ ఏంది మరి?" అన్నాడు. అంతే, కాగితం ఒళ్లోంచి కాళ్ల దగ్గరికి జారిపోయింది. జిగురు అసలు దోషమా గుణమా అన్న చోట బాగా వేడెక్కాం. ఆ వైపు వెళ్లే రోడ్డు రెండుగా చీలుతుంది. కుడి పక్కవి టోల్ లేన్లు, ఊళ్లలోకి దిగడానికి దారులుంటాయి. ఎడమ పక్కవి ఎయిర్‌పోర్ట్‌కి మాత్రమే, ఒకసారి ఎక్కితే విమానం దాకా దిగేది లేదు. ఆ చీలిక దగ్గర నేను "చింతపండు వేస్తే గడ్డి కూడా రుచిగా ఉంటదన్నా, అందులో బెండకాయ గొప్పేముంది?" అని గట్టి దెబ్బ కొట్టాను. దానికి జవాబు వెతుక్కుంటూ అన్న ఎడమ పక్కకి వెళ్లిపోయాడు.

కాసేపటికి కుడివైపు, అడ్డుగోడల అవతల, ఒక అద్దాల బిల్డింగ్ కనపడింది. నేను వెళ్లాల్సిన కంపెనీ పేరు దాని నెత్తిన పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. అన్న అటు చూసి, "అగో, గా బిల్డింగ్ గాదా మనది?" అన్నాడు. "అదే" అన్నాను. "మరి మనం ఏడికి పోతున్నం?" అన్నాడు. నేను వంగి కాగితం తీసి చూశాను. చూసి చేసేదేమీ లేదు. బిల్డింగ్ నెమ్మదిగా మా పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయింది, రైల్లోంచి చూస్తుంటే మన స్టేషన్ వెళ్లిపోయినట్టు. ఇద్దరం మెడలు తిప్పి చూశాం, తర్వాత ఇద్దరం ముందుకి చూస్తూ కూర్చున్నాం. ఆ లేన్లో మా చుట్టూ ఉన్నవాళ్లందరికీ విమానాలున్నాయి. నాకే, ఇంటర్వ్యూ పోతే తప్ప లేదు.

డిపార్చర్స్ ముందు నుంచి తిరిగి రావాలి. జనం సూట్‌కేసులు దింపుకుంటున్నారు. ఒకతను మా కారు దగ్గరికొచ్చి ఏ ఎయిర్‌లైన్ అని అడిగాడు, ఏదీ కాదని చెప్పాను. ఎంప్లాయర్ పంపించేదాకా ఆగకుండా నా అంతట నేనే వచ్చి నిలబడ్డాను కదా అనిపించింది. అన్న మాత్రం, "తమ్మీ, ఏం గాదు, నేనున్న" అని ఆ పాత కారుని దాని జన్మలో ఎన్నడూ ఎరగనంత వేగంగా తోలాడు.

నేను ఆ అద్దాల బిల్డింగ్ లోపలికి వెళ్లేసరికి ఇంటర్వ్యూ టైము దాటి చాలాసేపయింది. ఇంటర్వ్యూ చేసే మేనేజర్ నెరిసిన జుట్టు పెద్దావిడ. అప్పటికే ఫైలు మూసేసి లేచి నిలబడింది. ఎందుకు లేటు అని అడిగింది. ట్రాఫిక్ అని చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాను. కానీ అలసిపోయి ఉన్నాను, అబద్ధానికి కూడా కొంచెం ఓపిక కావాలి. బెండకాయ గురించి వాదించుకుంటూ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లామని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మళ్లీ కూర్చుంది. తనది లూసియానా అని, వాళ్ల అమ్మ బెండకాయతో గంబో అనే పులుసు కాచేదని, ఆ జిగురే దానికి ప్రాణమని చెప్పింది. బెండకాయని వేయించి పాడుచేసేవాళ్లని చూస్తే తనకి ఒళ్లు మండుతుందట. అంతా చెప్పి కళ్లజోడు తీసి, "ఇంతకీ మీ ఇద్దరిలో నువ్వు ఏ పక్షం?" అని అడిగింది.

పాఠకులారా, నా వాదనలన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. వాటి వెనకే మా ఎంప్లాయర్ మర్యాదైన గొంతు కూడా వచ్చి నిలబడింది. "పులుసు పక్షమండీ. మొదట్నుంచీ" అన్నాను. (ఆ 'మొదట్నుంచీ' అడక్కుండానే వేశాను, ఫిరాయించినవాడు జెండా కాస్త ఎక్కువే ఊపుతాడు.) ఆవిడ నవ్వి ఫైలు తెరిచింది. ఆ తర్వాత అడిగినవి నాకు వచ్చినవే. సోమవారం ఫోన్ చేస్తామని చెప్పి, చేయి కూడా కలిపి పంపింది.

కారులో అన్న చాలా సంతోషించాడు. కాసేపయ్యాక, "ఇప్పుడు చెప్పు, గడ్డి అంటివి గదా" అని పొద్దున ఆగిన చోటు నుంచి ఎత్తుకున్నాడు. నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం గెస్ట్ హౌస్ చరిత్రలో లేదు కనక, "లోపల ఏమాయె?" అని అడిగాడు. చెప్పాను. పగలబడి నవ్వుతాడనుకున్నాను, నేనే ముందు నవ్వడం మొదలుపెట్టాను కూడా. అన్న నవ్వలేదు. రోడ్డు వైపు చూస్తూ, "ఇన్ని నెల్ల సంది నేను చెప్తే వినకపోతివి. ఆమె ఒక్కసారి అడిగితే తల ఊపినవ్" అన్నాడు. "ఉద్యోగం కోసం అన్నా" అన్నాను. "తెలుసు తియ్. ఆమె చేతుల నౌకరీ ఉన్నది. నా చేతుల కారొక్కటే ఉన్నది" అన్నాడు. ఆ కారులో నేను ఓడిపోయిన వాదన అదొక్కటే.

సోమవారం ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజు వంట టర్ను అన్నదే. స్టవ్ మీద మూకుడు పెట్టి, నూనె పోసి, బెండకాయ వేపుడు చేశాడు. అలారం మోగింది, తువ్వాలు పెట్టి విసిరాడు, అలారాన్ని గానీ నన్ను గానీ ఏమీ అనలేదు. కంచంలో వేసి, "తిను తమ్మీ, నీకిష్టం గదా" అన్నాడు. కరకరలాడుతూ అద్భుతంగా ఉంది. సగం తినేసరికి నాకు చాలనిపించింది. తర్వాత నేను ఆఫీసు దగ్గరికి మారిపోయాను, కొన్నాళ్లకి అన్నకి సియాటిల్ వైపు ప్రాజెక్ట్ దొరికి వెళ్లిపోయాడు. పండగలకి ఫోన్లు చేసుకునేవాళ్లం. గ్రీన్ కార్డ్ ఎంతవరకు వచ్చింది, ఇల్లు కొన్నావా, పిల్లలెలా ఉన్నారు, అన్నీ అడిగేవాడు. బెండకాయ ఊసు ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. మధ్యలో మన దగ్గర రాష్ట్రం రెండయింది, ఫోన్‌లో మా స్నేహితుల గ్రూపు కూడా కొట్టుకుని రెండయింది. మేమిద్దరం మాత్రం దాని గురించి ఎప్పుడూ వాదించుకోలేదు. రెండు గ్రూపుల్లోనూ చప్పుడు చేయకుండా ఉండిపోయాం.

ఆ రోజు ఆ పెద్దావిడ ముందు ఊపిన తల, నిజం చెప్పాలంటే, అప్పట్నుంచీ ఊగుతూనే ఉంది. మీటింగుల్లో ఎవరేమన్నా "గుడ్ పాయింట్" అంటాను. మా అమ్మాయి సాంబారులో బ్రెడ్ ముంచుకుంటే సరేనంటాను. ఎవరి ఇంటికి వెళ్లినా అన్నీ బాగున్నాయంటాను. అందరూ నన్ను చాలా మంచివాడంటారు. ఆ మంచితనంలో సగం అలసటేనని వాళ్లకి తెలియదు.

రెండువేల పద్నాలుగులో ఆఫీసు పని మీద సియాటిల్ వెళ్లాను. పని అయ్యాక, సాయంత్రం ఫ్లైట్ ఉండగా, ఆ పక్కనే ఉన్న బాతెల్ అనే ఊళ్లో అన్న ఇంటికి భోజనానికి వెళ్లాను. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, చదువుకోవడానికి కళ్లజోడు మెళ్లో వేలాడుతోంది. వదిన టేబుల్ నిండా పెట్టింది. మధ్యలో బెండకాయ వేపుడు. "పులుసు చేయలేదా అన్నా?" అన్నాను నవ్వుతూ. "పిల్లలు తినరు తమ్మీ. ఒక్కని కోసం ఏం చేసుకుంటం, ఎప్పుడో బందు వెట్టిన" అన్నాడు. వేపుడు గిన్నె నా వైపు జరిపి, "నువ్వు చెప్పిందే కరెక్ట్ తియ్. వేపుడే మంచిగుంటది" అన్నాడు.

ఒకప్పుడు ఆ మాట కోసం నేను ఏమైనా ఇచ్చేవాణ్ణి. ఇప్పుడది విని అన్నం కలుపుకోలేకపోయాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. అది గుడ్ పాయింట్ గొంతు. "వదినా, ఇంట్లో బెండకాయలు ఇంకా ఉన్నాయా?" అని అడిగాను. "ఫ్రీజర్ల ఉన్నయి, ఎందుకు?" అంది. "అన్న చేత పులుసు పెట్టిద్దాం" అన్నాను. అన్న వద్దంటే వద్దన్నాడు, నీకు నచ్చదు, నడుం నొప్పి, టైం లేదు అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి గొణుక్కుంటూ వెళ్లి చింతపండు నానబెట్టాడు. వాళ్ల చిన్నమ్మాయి వంటింట్లోకి తొంగిచూసి, "అంకుల్, డోన్ట్ ఈట్ ఇట్, అది చాలా స్లైమీ ఉంటుంది" అని నన్ను హెచ్చరించి వెళ్లింది.

పులుసు వచ్చింది. అన్న వడ్డించి, నా వైపు చూడకుండా పక్కన నిలబడ్డాడు. వదిన, "ఎట్లున్నది?" అంది. నా నోరు ఎప్పటిలాగే 'బాగుంది' అనడానికి సిద్ధమైంది, ఆ మాట పళ్ల దాకా వచ్చింది కూడా. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అదే జిగురు. ఇన్నేళ్లలో దానిలో ఏ మార్పూ లేదు. ముద్ద మింగి తలెత్తి, "బాగాలేదన్నా" అన్నాను.

వదిన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అన్న గరిటె కింద పెట్టాడు. మెళ్లో ఉన్న కళ్లజోడు ముక్కు మీదికి ఎత్తుకుని, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఏం బాగలేదు? జిగురా? ఏడున్నది జిగురు, చూపెట్టు" అన్నాడు. చూపించాను. అది జిగురు కాదు చిక్కదనం అన్నాడు. చిక్కదనమైతే గరిటెకి ఎందుకు వేలాడుతోందన్నాను. "నీకు అప్పుడు తెల్వదు, ఇప్పుడు తెల్వదు" అని తన కంచంలో కూడా పులుసు పోసుకున్నాడు. నేను తిడుతూనే రెండోసారి వేయించుకున్నాను. ఇవాళ్టికీ నాకు ఆ పులుసు నచ్చదు, నచ్చుతుందన్న ఆశా లేదు.

సాయంత్రం అన్నే నన్ను ఎయిర్‌పోర్ట్‌కి దింపడానికి కారు తీశాడు. ఇప్పుడు కాగితాలు లేవు, దారి చెప్పడానికి డాష్‌బోర్డు మీద ఫోన్ ఉంది. అది ఎక్కడో కుడికి తిరగమంది. అన్న అప్పుడే స్టీరింగ్ మీద ఒక చెయ్యి తీసి, గడ్డి గురించి పన్నెండేళ్ల కింద నేనన్న మాటకి జవాబు దొరికిందని మొదలుపెట్టాడు. నేను కాదన్నాను. ఫోన్ మళ్లీ ఏదో చెప్పింది, ఇంకాసేపటికి వెనక్కి తిరగమంది. నా పక్క తలుపు అద్దంలో నా నీడ చూస్తే, పెద్ద పొట్టతో చేతులు తిప్పుతూ వాదిస్తున్న నడివయసు మనిషొకడు కనపడ్డాడు. వాణ్ణి నేను చాలా ఏళ్లుగా చూడలేదు. ఫ్లైట్ అందుతుందో లేదో అని ఒకసారి అనిపించింది కానీ, అన్న మాట మధ్యలో ఆపి ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు.